అక్షరక్రమంలో వెలసిన ఊళ్లు

తెలుగునాట ఊరు సాధారణంగా చెరువునో ఏటినో ఆశ్రయించి వెలుస్తుంది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రపు గోధుమ మైదానంలో మాత్రం ఎన్నో చిన్న ఊళ్లకు చోటు చూపినది రైలు కంపెనీ సర్వే పటమే. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ 1907–08 ప్రాంతంలో అక్కడ పట్టాలు పరుస్తూ, స్టేషన్లకు చాలావరకు ఇంగ్లీషు అక్షరమాల వరుసలో ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇట్యూనా, జాస్మిన్ అంటూ పేర్లు పెట్టి, జీనా (X), యంగ్ (Y), జెల్మా (Z)లతో వరుస ముగియగానే అలన్, బ్రాడ్‌వెల్ అని మళ్లీ మొదలుపెట్టింది.

స్టేషన్ల నడుమ దూరం సుమారు 12 నుంచి 16 కిలోమీటర్లు. గుర్రపు బండిలో గోధుమలు తెచ్చిన రైతు పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలన్నది అందులోని లెక్క. ప్రతి స్టేషన్ పక్కనా ఎలివేటర్, అంటే ధాన్యాన్ని తూచి, యంత్రంతో పైకెత్తి నిలవచేసి, రైలు పెట్టెల్లోకి జారవిడిచే ఎత్తయిన చెక్క గోదాము, లేచేది; దాని చుట్టూ కంపెనీ అనుబంధ సంస్థ ఒకే నమూనాలో వీధులు గీసి స్థలాలు అమ్మేది. ఆ నేల ఖాళీగా ఉన్నది కాదు. 1874లో ప్రభుత్వం ఆదివాసులతో కుదుర్చుకున్న నాలుగో ఒప్పందం తరువాత క్రీ, సాల్టో జాతుల వారిని రిజర్వులనే పరిమిత భూముల్లోకి నెట్టాకే అక్కడ ఇది సాధ్యమైంది, ఊళ్ల పుట్టుక చెప్పేవారు దీన్ని దాటవేయకూడదు.

అయినా గీసిన వీధులను ఊరుగా మలచినవారు మనుషులే. ఇట్యూనా, గుడీవ్ పరిసరాల్లో స్థిరపడిన ఉక్రెయిన్ రైతులు చర్చిలు కట్టుకొని, తమ భాషను, పండుగలను అక్కడ నాటుకున్నారు. కంపెనీ 1919లో దివాలా తీసి, తరువాత ప్రభుత్వ కెనడియన్ నేషనల్‌లో కలిసిపోయింది. లారీలు వచ్చి గుర్రపు బండి దూరానికి విలువ పోగా, 1995లో ధాన్య రవాణా రాయితీ కూడా రద్దవడంతో చెక్క ఎలివేటర్ల కూల్చివేత మరింత వేగం పుంజుకుంది; వాటితోపాటే చాలా ఊళ్లూ క్షీణించాయి. ఊరిని పుట్టించిన వ్యాపార లెక్కతోనే ఊరి మనుగడను కూడా తేల్చడం అన్యాయం, ఎందుకంటే ఆ ఎనభై తొంభై ఏళ్లలో అక్కడివారు కూడగట్టుకున్న బతుకుకు ఆ లెక్కలో పద్దే లేదు.

ఇంజన్లు, సిబ్బంది మారే డివిజన్ కేంద్రాలుగా ఎంపికైన మెల్విల్, వాట్రస్ మాత్రం నిలదొక్కుకున్నాయి. టొరంటో–వాంకూవర్ ప్రయాణికుల రైలుకు ఆ రెండు చోట్లా నేటికీ ఆగే చోటు ఉంది, జీనాకు లేదు.