445 రోజుల సంవత్సరం నేర్పే పాఠం

క్రీ.పూ. 46లో రోమ్ ప్రజలకు ఏడాది 445 రోజులు నడిచింది. పంటకోత పండుగలు వేసవిలో, ద్రాక్షకోత పండుగలు శరత్తులో రావడం అప్పటికే మానేశాయి. కాగితం మీది కాలానికీ, పొలంలోని కాలానికీ మధ్య దాదాపు మూడు నెలల తేడా వచ్చేసింది. దాన్ని సరిచేయడానికి జూలియస్ సీజర్ ఆ ఒక్క ఏడాదికి అదనపు నెలలు కలిపించాడు. చరిత్రకారులు దాన్ని 'గందరగోళపు సంవత్సరం' అంటారు. నిజానికి గందరగోళానికి ముగింపు పలికిన సంవత్సరం అది.

రోమ్ మనకు ఏం మిగిల్చిందని అడిగితే చాలామంది రహదారులు, కట్టడాలు, చట్టాలు, లాటిన్ మాటలు గుర్తు చేసుకుంటారు. రోజూ చూసే గోడ మీది క్యాలెండర్ మాత్రం చప్పున గుర్తుకు రాదు. జూలై సీజర్ పేరు, ఆగస్టు అగస్టస్ పేరు. లాటిన్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అనే అర్థాలున్న సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకు తొమ్మిది నుంచి పన్నెండో నెలలయ్యాయి. ఏడాది మార్చితో మొదలైన పాత రోజుల గుర్తు అది. అయితే ఈ పేర్లు పైపై విషయం. రోమ్ అందించిన అసలు వారసత్వం, కాలగణనను అందరికీ తెలిసిన నియమంగా మార్చడం, తప్పు తేలినప్పుడు ఆ లెక్కను దిద్దడం. మనం పెద్దగా పట్టించుకోనిదీ అదే.

సీజర్‌కు ముందు రోమన్ల ఏడాదికి 355 రోజులు. రుతువులతో లెక్క కలవడానికి అప్పుడప్పుడు ఒక అధిక మాసాన్ని చేర్చాలి. ఎప్పుడు చేర్చాలో నిర్ణయించే అధికారం పూజారి మండలిది. ఆ పూజారులు రాజకీయ నాయకులు కూడా. తమవాడు పదవిలో ఉంటే ఏడాదిని సాగదీయవచ్చు, గిట్టనివాడుంటే నెల చేర్చకుండా వదిలేయవచ్చు. అంతర్యుద్ధాల కాలంలో చేర్చడమే మరిచిపోయారు. తేదీ అనేది ప్రకృతిని బట్టి కాకుండా కొందరి ఇష్టాన్ని బట్టి నడిచింది.

సీజర్ సంస్కరణ వెనక ఉన్న ఖగోళ విజ్ఞానం రోమన్లది కాదు. సలహా ఇచ్చిన సోసిజెనిస్ అలెగ్జాండ్రియా విజ్ఞాన సంప్రదాయానికి చెందినవాడు. ఏడాది 365 రోజుల ఆరు గంటలన్న సంగతి ఈజిప్టుకు అప్పటికే తెలుసు. క్రీ.పూ. 238లోనే మూడో టాలమీ హయాంలో నాలుగేళ్లకు ఒక రోజు కలపాలని శాసనం కూడా చెక్కించారు. అది అమలుకు నోచుకోలేదు. సుమారు 190 ఏళ్ల తర్వాత రోమ్ ఆ లెక్కను చట్టం చేసి, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తనంతట తానే నడిచే నియమంగా మార్చింది. విషయం తెలియడం ఒకటి, దాన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టడం మరొకటి. రోమ్ గొప్పతనం రెండోదాంట్లో ఉంది.

ఆ వ్యవస్థ కూడా మొదట్లోనే తడబడింది. క్రీ.పూ. 44లో సీజర్ హత్య జరిగాక పూజారులు 'నాలుగో ఏట ఒకసారి' అన్న నియమాన్ని తమ పద్ధతిలో లెక్కపెట్టారు. మన ఇళ్లలో పురుడు వచ్చిన రోజును కూడా కలుపుకొని పదకొండో రోజు చూసినట్టు, వాళ్లు మొదటి ఏడాదిని కూడా కలుపుకున్నారు. దాంతో మూడేళ్లకే లీపు రోజు వచ్చింది. 36 ఏళ్లలో 9 చేర్చాల్సిన చోట 12 చేరాయి. అగస్టస్ ఈ పొరపాటును గుర్తించి, పన్నెండేళ్ల పాటు లీపు రోజు చేర్చవద్దని ఆదేశించి లెక్క సరిచేశాడు. పొరపాటు చేసింది మత పెద్దలు, లెక్క పుట్టింది సీజర్ పేరు మీద. అయినా దిద్దుబాటు ఆగలేదు.

సీజర్ లెక్కలోనూ చిన్న తేడా ఉంది. రుతువులు తిరిగొచ్చే సౌర సంవత్సరం 365.2422 రోజులు. 365.25 అనుకుంటే ఏటా సుమారు 11 నిమిషాలు ఎక్కువవుతాయి. 128 ఏళ్లకు అది ఒక రోజు. నాలుగో శతాబ్దంలో మార్చి 21న వచ్చే వసంత విషువత్తు 1582 నాటికి మార్చి 11కు జరిగిపోయింది. పోప్ 13వ గ్రెగరీ పది రోజులు తీసేయించాడు. ఆ ఏడాది అక్టోబరు 4 గురువారం తర్వాతి రోజు అక్టోబరు 15 శుక్రవారం. 400తో భాగించబడని శతాబ్ది సంవత్సరాలకు లీపు రోజు ఉండదన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. అందుకే 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అయింది.

ఈ కథలో వెలుగుతో పాటు చీకటీ ఉంది. మొదటి సంస్కరణ ఒక నియంత ఆజ్ఞ. రెండోది మత పీఠం ఆదేశం. పోప్ చెప్పాడన్న కారణంతోనే ప్రొటెస్టెంటు దేశాలు చాలాకాలం దాన్ని పక్కన పెట్టాయి. బ్రిటన్ 170 ఏళ్లు ఆగి 1752లో తన అధినివేశాలతో సహా మారింది. మన దగ్గరికి ఈ క్యాలెండర్ వచ్చింది వలస పాలకులతోనే, ఎవరినీ అడిగి రాలేదు. అయినా ఇన్ని విరోధాల మధ్య కూడా చివరికి గెలిచింది సూర్యుడి సాక్ష్యమే. ఎవరు చెప్పారన్నది కాదు, లెక్క ఆకాశంతో కలుస్తుందా లేదా అన్నదే నిలిచింది.

మధ్యధరా ప్రాంతపు ఖగోళ విజ్ఞానం భారతదేశానికి మాత్రం అంతకంటే ఎంతో ముందే, మరో దారిలో చేరింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు 'పంచసిద్ధాంతిక'లో చర్చించిన ఐదు సిద్ధాంతాల్లో ఒకటి రోమక సిద్ధాంతం. రోమన్ ప్రపంచం నుంచి వచ్చిందని పేరే చెబుతుంది. అందులోని సంవత్సర ప్రమాణం గ్రీకు శాస్త్రజ్ఞుడు హిప్పార్కస్ లెక్కతో సరిపోతుంది. వరాహమిహిరుడు ఆ ఐదింటినీ ఎక్కడ పుట్టాయని కాకుండా ఎంత కచ్చితంగా ఉన్నాయని చూశాడు. సూర్య సిద్ధాంతం అన్నింటికన్నా కచ్చితమైనదన్నాడు, రోమకానికి చెప్పుకోదగ్గ స్థానమే ఇచ్చాడు, వాసిష్ఠ పైతామహాలు వాస్తవానికి దూరమన్నాడు. 'బృహత్సంహిత'లో ఇంకో అడుగు ముందుకేశాడు. అయనాలు పాత శాస్త్రాల్లో రాసిన నక్షత్రాల దగ్గర ఇప్పుడు మొదలవడం లేదనీ, అనుమానముంటే నీడను కొలిచి చూసుకోమనీ చెప్పాడు.

ఆ సలహాను ఈనాడు పాటిస్తే ఏం తేలుతుంది? విజయవాడలో ఒక మీటరు కర్రను నిటారుగా పాతి, మధ్యాహ్నం నీడ అతి పొట్టిగా ఉండే వేళ కొలిస్తే, డిసెంబరు 22 ప్రాంతంలో అది దాదాపు 84 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాదిలో మధ్యాహ్నపు నీడ అంత పొడుగ్గా ఉండేది అప్పుడే. సంక్రాంతి నాటికి అదే నీడ 78 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అంటే ఉత్తరాయణ పుణ్యకాలమని మనం స్నానాలు చేసే రోజుకు మూడు వారాల ముందే సూర్యుడు ఉత్తరానికి మళ్లాడు.

తేడాకు కారణం భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగడం. ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు పడుతుంది. నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన సంవత్సరం రుతువుల సంవత్సరం కన్నా 20 నిమిషాలు ఎక్కువ. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. దాదాపు 1,700 ఏళ్ల కిందట మకర సంక్రమణం, ఉత్తరాయణం ఒకే సమయంలో వచ్చేవి. 1863లో వివేకానందుడు పుట్టిన జనవరి 12 మకర సంక్రాంతి. ఇప్పుడది జనవరి 14 లేదా 15. ఇదే లెక్క సాగితే మరో 2,000 ఏళ్లకు ఫిబ్రవరి రెండో వారానికి చేరుతుంది. అధిక మాసాలను నిర్ణయించేదీ సంక్రమణాలే కాబట్టి ఉగాది కూడా మెల్లగా ఎండాకాలంలోకి జరుగుతుంది.

స్వతంత్ర భారతం దీన్ని పట్టించుకోలేదనడం సరికాదు. 1952లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘాన్ని వేసింది. వసంత విషువత్తు మర్నాడు చైత్రం మొదలయ్యేలా రూపొందించిన జాతీయ శక క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. గెజిట్ మీద, ప్రభుత్వ ఉత్తరాల మీద ఆ తేదీ ఇప్పటికీ కనిపిస్తుంది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ తెలుగుతో సహా అనేక భాషల్లో రాష్ట్రీయ పంచాంగం ప్రచురిస్తుంది. కానీ ఈ రోజు శక తేదీ ఎంతో చెప్పగలిగేవాళ్లు అరుదు. నియమం సరైనదే అయినా జనం వాడకంలోకి రాకపోతే టాలమీ శాసనంలా రాతి మీదే మిగిలిపోతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది. నిరయన పద్ధతి తప్పు కాదు, సూర్యుడు ఏ నక్షత్రాల నేపథ్యంలో ఉన్నాడన్న వేరే ప్రశ్నకు అది జవాబు చెబుతుంది. పండుగ ఎప్పుడు చేసుకోవాలన్నది సమాజం ఇష్టం, ఖగోళ శాస్త్రం దాన్ని శాసించలేదు. ఈ రెండు మాటలూ నిజమే. సంక్రాంతిని డిసెంబరుకు జరపాలని ఎవరూ పట్టుబట్టనక్కర్లేదు. కానీ 'ఈ రోజు నుంచి సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడు' అన్నది విశ్వాసం గురించిన మాట కాదు, సూర్యుడి గురించిన మాట. దాన్ని కొలిచి చూడవచ్చు, కొలిస్తే నిలవదు. ఆ వాక్యం పాఠ్యపుస్తకంలోనో వార్తలోనో కనిపించినప్పుడు దిద్దాల్సిన బాధ్యత ఉంది.

చేయదగ్గవి చిన్న పనులే. ప్రతి పంచాంగం తొలి పుటలో అది పాటించిన గణిత పద్ధతిని, అయనాంశను స్పష్టంగా అచ్చు వేయవచ్చు. ఒకే పండుగకు రెండు పంచాంగాలు రెండు తేదీలు చెప్పి జనం అయోమయంలో పడినప్పుడు, తేడా ఎక్కడుందో అప్పుడు ఎవరైనా చూసుకోగలరు. సంక్రాంతి పక్కనే డిసెంబరులో నిజమైన ఉత్తరాయణ దినాన్ని కూడా గుర్తించవచ్చు. బడి ఆవరణలో ఒక కర్ర పాతి పిల్లలతో నెల రోజులు నీడ కొలిపించవచ్చు. వీటిలో దేనివల్లా పండుగకు ఏ లోటూ రాదు.

445 రోజుల ఏడాదిని భరించిన రోమన్లు మనకన్నా తెలివైనవాళ్లేమీ కాదు. లెక్క తప్పిందని ఒప్పుకోవడం వల్ల తమ గౌరవం తగ్గుతుందని అనుకోలేదు, అంతే. ఉజ్జయినిలో వరాహమిహిరుడూ అనుకోలేదు.