ఆ పూట పని ఆ పూటే

పచ్చగా పెంచుకున్న గడ్డిలో అరచేతి వెడల్పున మాడిన మచ్చ కనిపిస్తే ఇంటిల్లిపాదీ కుక్కను కోప్పడతారు. ఎందుకు తిట్టారో దానికి తెలియదు. తోక ముడుచుకుని ఓ మూలకు పోతుంది. హైదరాబాద్ శివారు విల్లాల్లోనూ, డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ల పెరళ్లలోనూ ఇదే తంతు. కుక్కను ఇంట్లో మనిషిలా చూసుకునే కుటుంబాలు ఉండటం సంతోషించాల్సిన విషయం. వేళకు అన్నం పెట్టి, టీకాలు వేయించే ఆ శ్రద్ధే అది తిన్నది చివరికి ఏమవుతోందో చూసుకోవడంలోనూ ఉండాలి.

కుక్క మూత్రంలో నీరు పోగా ప్రధానంగా ఉండేది యూరియా, దాంతోపాటు కొంత లవణం. యూరియాలోని నత్రజని గడ్డికి ఆహారమే. పలచగా చల్లితే పైరును ఏపుగా పెంచే యూరియా, ఒకే మొక్క మొదట్లో గుప్పెడు పోస్తే ఏం చేస్తుందో మన రైతులకు చెప్పనక్కర్లేదు. పెరట్లో జరిగేదీ అదే. కాస్త వంగి చూస్తే మాడిన మచ్చ చుట్టూ గడ్డి మామూలుకన్నా దట్టంగా, ముదురు పచ్చగా కనిపిస్తుంది. నడుమ మోతాదు మించింది, అంచుల్లో సరిపోయింది. ఆడకుక్కలు కూర్చుని ఉన్నదంతా ఒకేచోట పోస్తాయి కనుక వాటివల్ల మచ్చలు ఎక్కువ. మగకుక్కలు కాలెత్తి గోడ మీదా చెట్టు మీదా కాస్త కాస్త పోస్తూ పోతాయి.

దీనికి విరుగుడు నీళ్లు. కుక్క పోసిన చోట వెంటనే మూడింతల నీళ్లు కుమ్మరిస్తే అదే నత్రజని గడ్డికి ఎరువవుతుంది. మర్నాడు కుమ్మరిస్తే అప్పటికే వేరు మాడి ఉంటుంది. మూత్రంలోని ఆమ్లం వల్లే గడ్డి చస్తోందనుకుని కుక్క తిండిలో వంటసోడా, టమాటా రసం కలిపేవారున్నారు. గడ్డికి దానివల్ల మేలు లేదు సరికదా, ఆ ప్రయోగం కుక్క ఒంటికి చేటు చేయవచ్చు. దాని గిన్నెలో ఎప్పుడూ మంచినీళ్లు ఉంటే అంతకన్నా మేలు. మాడిన చోట ఎండుగడ్డి గీకేసి, బాగా తడిపి, మట్టి గుల్లచేసి విత్తనం చల్లితే నేల మళ్లీ పచ్చబడుతుంది. డాలస్‌లో విరివిగా పెంచే బెర్ముడా గ్రాస్, మనం వినాయక చవితి పూజకు కోసుకొచ్చే గరిక, రెండూ ఒకటే. పాకే గుణమున్న ఆ గడ్డి కాస్త సందిస్తే ఖాళీని తనంతట తానే కప్పుకుంటుంది. పెరట్లో ఓ మూల చిన్న గులకరాళ్లు పరిచి, కుక్కను రోజూ అక్కడికే తీసుకెళ్లి, వెళ్లినప్పుడల్లా మెచ్చుకుంటూ ఉంటే కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది.

మలం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పేడను సంపదగా చూసిన సమాజం మనది. కళ్లాపి నుంచి పిడకల దాకా దానితోనే బతికాం. ఆ అలవాటుతోనే కాబోలు, కుక్క విసర్జించినదీ మట్టిలో కలిసి ఎరువవుతుందిలే అని వదిలేస్తాం. కానీ అందులో ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల గుడ్లు ఉండే అవకాశం ఉంది. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతకగలవు. పిల్లల మట్టిచేతుల నుంచి నోట్లోకి వెళ్తే, అరుదుగానైనా, కంటిచూపును దెబ్బతీస్తాయి. కొంకిపురుగు పిల్లలు వట్టి పాదాల చర్మంలోకి దూరి విపరీతమైన దురద పుట్టిస్తాయి.

అయితే ప్రకృతి మనకు కొంత గడువూ ఇచ్చింది. ఏలికపాము గుడ్డు బయటపడిన వెంటనే ఎవరికీ అంటుకోదు. జబ్బు కలిగించే దశకు రావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొంకిపురుగుకు ఆ గడువు కొద్ది రోజులే. ఏ రోజుది ఆ రోజే ఎత్తేస్తే రెండింటికీ అవకాశం దక్కదు. పశువైద్యులు చెప్పిన వేళకు నులిపురుగుల మందు వేయిస్తే అసలు మూలమే తెగుతుంది. ఆలస్యం అమృతం విషం అని పెద్దలన్నది ఈ పెరటికి అక్షరాలా వర్తిస్తుంది.

ఎత్తినదాన్ని కూరగాయల మడిలో వేయకూడదు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ ప్రాంతంలో మంచుబండ్లు లాగే కుక్కలను పెంచేవారు, ప్రభుత్వ వ్యవసాయ నిపుణుల తోడ్పాటుతో, ఈ మలాన్ని కంపోస్టు చేసి చూపారు. కుప్ప లోపలి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటితేనే అది సాధ్యం. అలా తయారైనదాన్ని కూడా తిండిపంటలకు వాడవద్దనే చెబుతారు. ఇంటి కుండీలో అంత వేడి పుట్టడం కష్టం. అందుచేత సంచిలో వేసి గట్టిగా మూతికట్టి, మీ ఊళ్లో ఏ చెత్తలో వేయమంటే అందులో వేయడమే దారి. వదిలేస్తే వాన వచ్చినప్పుడు వాననీటి కాలువల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి చేరుతుంది.

పెరడు దాటి వీధిలోకి వస్తే ఇది సాటిమనిషి గౌరవానికి సంబంధించిన విషయమవుతుంది. కుక్క వెంట నడిచే మనిషే ఎత్తాలని న్యూయార్క్ నగరంలో 1978లో చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు అక్కడా కాలిబాటలన్నీ అపరిశుభ్రంగానే ఉండేవి. మన వీధుల్లో తెల్లవారుజామున కుక్కలను తిప్పేవారు ఎందరో చూడనట్టు ముందుకు సాగిపోతారు. ఆ తర్వాత చీపురు పట్టుకుని వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు దాన్ని ఎత్తాల్సి వస్తోంది. ఆ కుక్క పేరు కూడా ఆమెకు తెలియదు. దాని ఆటపాటల్లో ఆమెకు పాలు లేదు. మనం ముద్దు చేసే ప్రాణి తాలూకు మురికి ఆమె వంతు కావడం అన్యాయం.

పని చూస్తే చిన్నది. చేతికి ఓ సంచి, పక్కన బకెట్టు నీళ్లు, పూటకు కొన్ని నిమిషాలు చాలు. కుక్కపిల్ల కావాలని మారాం చేసే పిల్లలకు తెచ్చిన రోజే ఈ పని కూడా నేర్పాలి. ముందుగా పెద్దలు ఏ మాత్రం మొహం చిట్లించకుండా చేసి చూపాలి. పెంచడంలో ఇదీ భాగమేనని చిన్నప్పుడే తెలిసిన పిల్లలు పెద్దయ్యాక వీధిని కూడా తమ ఇంటిలాగే చూసుకుంటారు.