టైమింగ్ బెల్టుపై ఇంత అశ్రద్ధ తగదు

టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. బ్రేకు అరిగితే కీచుమంటుంది. టైమింగ్ బెల్టు మాత్రం మూత వెనుక దాగి ఉండి, చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండానే తెగిపోతుంది. బండి నడిరోడ్డుపై ఆగిన తర్వాతనే చాలామందికి అటువంటి భాగం ఒకటి ఉన్నదని తెలియడం శోచనీయం.

ఈ బెల్టు చేసే పని సామాన్యమైనది కాదు. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి కామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అప్పుడే వాల్వులు వేళకు తెరుచుకొని వేళకు మూసుకుంటాయి. ఆ లెక్క తప్పకుండా చూసేది పళ్లున్న ఈ రబ్బరు బెల్టే. అది తెగితే కామ్ షాఫ్టు ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఊపు మీద ఇంకా కదులుతూనే ఉంటాయి. చాలా ఇంజన్లలో, ముఖ్యంగా డీజిల్ ఇంజన్లలో, అవి తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచివేస్తాయి. ఇక హెడ్డు దింపక తప్పదు. బెల్టుతో తీరవలసిన ఖర్చు ఇంజను పని దాకా పోతుంది. అద్దె కారు నడుపుకొని బతికే డ్రైవరుకు ఇది కొన్ని వారాల కూటి సమస్య.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఈ పని చైను చేసేది. 1983లో వచ్చిన మారుతి 800లోను, 1998లో వచ్చిన ఇండికా డీజిల్‌లోను బెల్టు ఉంది. నేటి కార్లలో కొన్నింటికి చైను, కొన్నింటికి బెల్టు. తన బండికి ఏది ఉన్నదో ప్రతి యజమానీ ముందుగా తెలుసుకోవాలి.

బెల్టు మార్చవలసిన గడువును కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లలోను, సంవత్సరాలలోను చెబుతారు. రెండింటిలో ఏది ముందు వస్తే అదే గడువు. బండి తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుందన్న సంగతి మరువరాదు. ‘తక్కువ తిరిగిన బండి’ అంటూ సెకండ్ హ్యాండ్ కారు అంటగట్టేవారి మాట ఈ విషయంలో చెల్లదు.

మార్చడం ఒక ఎత్తు, బిగువు కుదర్చడం మరొక ఎత్తు. బెల్టు వదులైతే పన్ను జారి టైమింగ్ తప్పుతుంది. మరీ బిగిస్తే కూతపెడుతుంది, టెన్షనరు బేరింగు త్వరగా పాడవుతుంది. విజయవాడ ఆటోనగర్ మొదలు మారుమూల షెడ్ల వరకు అనుభవం పండిన మేస్త్రీలు ఉన్నారు. వారి చేతి నేర్పును ఎవరూ కాదనరు. అయితే ఒక ఇంజనుకు సరిపోయిన బిగువు మరొక దానికి సరిపోదు. కొన్నింటిలో స్ప్రింగే టెన్షనరును సరైన చోటికి తోస్తుంది. కొన్నింటిలో గుర్తుకు ఎదురుగా ముల్లు నిలపాలి. కనుక బొటనవేలితో నొక్కి చూసే అంచనాకు బదులు ఆ బండి పుస్తకంలో చెప్పిన కొలతే ప్రమాణం కావాలి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు మార్కులు కలిపి బెల్టు ఎక్కించి, బిగువు కుదిర్చిన తర్వాత, సెల్ఫ్ కొట్టకుండా స్పేనరుతో క్రాంకును దాని సహజ దిశలో నిండుగా రెండు చుట్లు తిప్పి, మార్కులను, బిగువును మరోసారి చూడాలి. పట్టుమని పది నిమిషాలు పట్టని ఈ పరీక్షను తొందరలో వదిలివేయడం క్షంతవ్యం కాదు.

తప్పంతా మెకానిక్కులదే అనడం కూడా న్యాయం కాదు. కొత్త బెల్టు వేయించుకుంటూ, పాత టెన్షనరే చాలునని బేరమాడే యజమానులు ఎందరో ఉన్నారు. అరిగిన బేరింగు పట్టేస్తే కొత్త బెల్టయినా నిలవదు. ఆయిలు కారుతున్న సీలును అలాగే వదిలినా బెల్టు చెడుతుంది. వాటరు పంపు కూడా ఈ బెల్టుతోనే తిరిగే బండ్లలో, విప్పినప్పుడే దాని సంగతీ చూసుకుంటే రెండోసారి విప్పే కూలి మిగులుతుంది.

ఇందుకు చేయవలసినది పెద్దగా ఏమీ లేదు. బెల్టు మార్చిన తేదీ, అప్పటి మీటరు అంకె ఒక చీటీపై రాసి బానెటు లోపల అంటించాలి. తీసివేసిన పాత బెల్టును, టెన్షనరును యజమానికి చూపాలి. పాత కారు కొనేవారు ఆ చీటీ అడగాలి. అది లేకపోతే బెల్టు మార్చలేదనే భావించి, ఆ ఖర్చును ధరలో తగ్గించి మాట్లాడుకోవాలి. మెకానిక్కుల సంఘాలు పూనుకుంటే ఈ పద్ధతి జిల్లా అంతటా అలవాటు కావడం కష్టమేమీ కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, గడువుకు ముందే షెడ్డుకు పోవడం మేలు.