అరువు తెచ్చిన ప్రోగ్రాము

సాఫ్ట్‌వేర్ అనగానే మన విద్యార్థులకు ఉద్యోగమూ, జీతమూ, విదేశయానమూ స్ఫురిస్తాయి. అందులో తప్పు లేదు. అయితే ఆ వృత్తిలో తరతరానికీ పునరావృతమవుతున్న కొన్ని దురలవాట్లున్నాయి. వాటిలో మిక్కిలి హానికరమని నాకు తోచేది, ఒకచోట చక్కగా పనిచేసిందన్న ఒక్క ధీమాతో పాత ప్రోగ్రామును ప్రశ్నించకుండా కొత్తచోట అతికించడం.

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రం నుంచి ఐరోపా దేశాల ఏరియాన్-5 రాకెట్టు తొలిసారి ఎగిరి, సుమారు 40 సెకన్లకే దారితప్పి తునాతునకలైంది. నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలు దానితోనే నశించాయి. దర్యాప్తు సంఘం తేల్చిన కారణం ఆలోచింపదగినది. రాకెట్టు స్థితిగతులను గణించే ప్రోగ్రామును ఏరియాన్-4 నుంచి యథాతథంగా తెచ్చారు. అందులో ఒకచోట వేగానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మారుస్తారు. పాత రాకెట్టుకు ఆ సంఖ్య హద్దు దాటేది కాదు. కొత్తది అంతకంటె శీఘ్రంగా వేగం పుంజుకున్నది. 32,767ను మించిన సంఖ్య ఆ చిన్న పాత్రలో ఇమడలేదు. యంత్రం ఆగిపోయింది. ఆపత్సమయానికని అమర్చిన రెండవ యంత్రంలోనూ అదే ప్రోగ్రాము గనుక అదీ అప్పటికే ఆగిపోయి ఉంది. ఇంతకూ, నేల విడిచిన తరువాత ఏరియాన్-5కు ఆ గణనతో పనే లేదు!

ఆ సంఖ్యకు రక్షణ కల్పించకపోవడం మొదటివారి అజాగ్రత్త కాదు. కంప్యూటరుపై భారం పెరగరాదని, లెక్కలు చూసుకొనే విడిచిపెట్టారు. కాని ఆ కారణం ప్రోగ్రాములో ఎక్కడా వ్రాసిపెట్టలేదు. ప్రోగ్రాము ప్రయాణించింది, కారణం ప్రయాణించలేదు. 'నకల్ కే లియే భీ అకల్ చాహియే' అని మన ఉర్దూ మిత్రులు ఊరకే అనరు.

కారణాలు వ్రాయడానికి వ్యవధి ఎక్కడిదని పర్యవేక్షకులు అడుగుతారు. పని ఆలస్యమైతే మరి పదిమందిని తెచ్చి పెడతారు. ఐ.బి.ఎం.లో ఒక మహానిర్మాణాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, దానివల్ల ఆలస్యం ఇంకా పెరుగుతుందని 1975లోనే గ్రంథం వ్రాసి చెప్పారు. ఐదుగురి మధ్య సంభాషణకు 10 దారులు, పదిమంది మధ్య 45. వ్రాతలో లేని కారణాలను కొత్తవారికి నోటితో బోధించడానికి పాతవారు చేతిలో పని ఆపవలసిందే.

అయితే అంతా మొదటినుంచి మనమే వ్రాసుకోవాలా? అక్కరలేదు. అరువు లేనిదే ఈ విద్య లేదు. నా ఆక్షేపణ అడగకుండా తెచ్చుకొనే అరువు మీదనే. చివరి సంవత్సరపు ప్రాజెక్టుల సంగతి విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. నిరుటి అన్నగారి ప్రోగ్రాము, కొత్త అట్ట, లోపల పేరు మాత్రం మార్పు. అది పనిచేస్తున్నంతసేపూ పరీక్షకులూ మెచ్చుకుంటారు. 'ఈ వరుస ఎందుకున్నది?' అని ఒక్క ప్రశ్న వేస్తే గది నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంతోనే మన పిల్లలు రేపు ఆసుపత్రులకూ, బ్యాంకులకూ ప్రోగ్రాములు వ్రాయబోతున్నారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వార్షిక నివేదికలో ప్రాజెక్టుల సంఖ్య చూసి తృప్తి పడవద్దు. ప్రతి ప్రాజెక్టుకూ మొదటి పుటగా, ఏ భాగం ఎక్కడినుంచి తెచ్చారో, అది ఏ పరిస్థితులకై నిర్మితమో, ఇక్కడ ఏవి మారాయో విద్యార్థి స్వహస్తంతో వ్రాయాలని నియమించండి. మౌఖిక పరీక్షలో సగం మార్కులు ఆ పుట మీదనే ఉండాలి.