బోర్డులో కంపెనీకి కుర్చీ ఉంది, మనకు లేదు

పోయిన ఏడాది నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. వాళ్ళ ఎథిక్స్ కమిటీలో 'లేడీ మెంబరు' ఖాళీ ఉందట, నా పేరు ఎవరో చెప్పారట. "మీరు పెద్దగా చేయాల్సిందేమీ లేదు మేడమ్, అప్పుడప్పుడు మీటింగు, సంతకం పెడితే చాలు" అన్నాడు ఆ అబ్బాయి, పాపం ఎంతో మర్యాదగా. నేను ఒప్పుకున్నాను. మీటింగుకు రెండు రోజుల ముందు ఇంత మందాన ఇంగ్లీషు కాగితాల కట్ట వచ్చింది. అందులో తెలుగులో ఉన్నవి నాలుగే పేజీలు, మందు వేయించుకునే మనిషి సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రం. 'ప్రతికూల సంఘటనలు సంభవించిన యెడల' అని మొదలయ్యే ఆ తెలుగు నాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. మన దగ్గరికి వచ్చే బీడీ కార్మికురాలు దీని కింద వేలిముద్ర వేస్తే అది సమ్మతి ఎలా అవుతుందని అడిగాను. "అది టెక్నికల్ విషయం, తరవాత చూద్దాం" అన్నారు. తరవాతి మీటింగులోనూ అడిగాను. మూడోదానికి నాకు పిలుపు రాలేదు.

ఇది నా మీద జరిగిన అన్యాయమని చెప్పుకోవడానికి రాయడం లేదు. 2019 నాటి కొత్త మందుల నిబంధనలు ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలనీ, అందులో ఒక మహిళ, ఒక సామాన్య వ్యక్తి ఉండాలనీ చెబుతున్నాయి. సంతోషమే. కానీ ఆ మహిళను ఎవరు పంపాలి, ఆమె ఎవరికి జవాబు చెప్పాలి? ప్రయోగం జరిపే సంస్థే ఆమెను ఎంచుకుంటుంది, అడగకూడనిది అడిగితే ఆ సంస్థే వదిలించుకుంటుంది. ఆడది ఒకతె ఉందని రిజిస్టరులో రాసుకోవడానికి మాత్రం మనం పనికొస్తాం.

ఇక కింది మెట్టు వదిలి పైకి చూద్దాం. దేశంలో మందుల విషయమై కేంద్రానికీ రాష్ట్రాలకూ సలహా ఇచ్చేది డ్రగ్స్ టెక్నికల్ అడ్వైజరీ బోర్డు. దాని పుట్టుక 1940 నాటి డ్రగ్స్ చట్టం, తెల్లవాళ్ళ కాలంలోది. ఆ చట్టం 5వ సెక్షన్ తెరిచి చూడండి. హెల్త్ సర్వీసెస్ డైరెక్టర్ జనరల్ అధ్యక్షుడు. డ్రగ్స్ కంట్రోలర్, ప్రభుత్వ ప్రయోగశాలల డైరెక్టర్లు హోదా రీత్యా సభ్యులు. పశువైద్య పరిశోధనా సంస్థ డైరెక్టరుకూ చోటుంది. ఫార్మసీ కౌన్సిల్, వైద్య మండలి, ఐ.సి.ఎం.ఆర్., ఇండియన్ మెడికల్ అసోసియేషన్, ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ తమ మనుషులను ఎన్నుకుని పంపుతాయి. మందుల పరిశ్రమ నుంచి ఒకరిని కేంద్రమే నామినేట్ చేస్తుంది. మందు మింగేవాళ్ళ తరఫున? ఎవరూ లేరు. రోగుల సంఘాలకు లేదు, మహిళా సంఘాలకు లేదు, ఆరోగ్య కార్యకర్తలకు లేదు. మరిచిపోయారేమో అనుకోవడానికి లేదు. తయారు చేసేవాడిని గుర్తుపెట్టుకుని కుర్చీ వేసిన చట్టం అది.

పటాన్‌చెరును గుర్తు చేసుకోవాలి. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరిగింది. అది ప్రయోగమన్న మాట ఆ ఆడవాళ్ళకు సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన, మరికొన్ని సంఘాలు కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1990లలో డెపో ప్రొవెరా వచ్చింది, మళ్ళీ పోరాటం. 1995లో ఇదే అడ్వైజరీ బోర్డు ఆ ఇంజెక్షన్ ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి తగదంది. 2015లో తగునంది. 2017లో 'అంతర' పేరుతో ఆ మూడు నెలల సూది ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఈ మధ్యలో, 2004లో, దీర్ఘకాలం వాడితే ఎముకల సాంద్రత తగ్గుతుందని అమెరికాలో ఆ మందు మీద ప్రత్యేక హెచ్చరిక ముద్రించాల్సి వచ్చింది కూడా. శాస్త్రం మారుతుంది, అభిప్రాయాలూ మారవచ్చు, కాదనను. ఆ సూది కావాలనుకునే స్త్రీలూ ఉన్నారు, వాళ్ళ మాట కూడా వినాల్సిందే. కానీ తగదన్న రోజున గానీ తగునన్న రోజున గానీ ఆ బల్ల చుట్టూ, సూది వేయించుకునేవాళ్ళ తరఫున మాట్లాడే హక్కుతో కూర్చున్న మనిషి లేదు.

మన ఖమ్మం పిల్లల సంగతి ఇంకా బాధాకరం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేశారు. అమెరికన్ సంస్థ 'పాత్', ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. ఎందరో గిరిజన హాస్టలు పిల్లలు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు తల్లిదండ్రులవి కావు, హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లవి. కొందరు పిల్లలు చనిపోయాక, మహిళా సంఘాలు గొడవ చేశాక, 2010 ఏప్రిల్‌లో ఆపారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. నేను టీకాకు వ్యతిరేకిని కాను, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో పోయిన ఆడవాళ్ళను దగ్గరుండి చూశాను. నా ప్రశ్న ఆ విచారణ కమిటీ గురించి. సభ్యులకు కంపెనీలతో ఏ సంబంధాలూ లేవని రాతపూర్వకంగా కూడా తీసుకోలేదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే తప్పుబట్టింది. అంతకుముందు 2012లో అదే సంఘం ఇంకో సంగతి బయటపెట్టింది. కొన్ని మందులకు అనుమతి కోసం వేర్వేరు ఊళ్ళ నిపుణులు పంపిన సిఫారసు ఉత్తరాలు మాటకు మాట ఒకేలా ఉన్నాయి! కంపెనీ రాసిచ్చింది, నిపుణుడు సంతకం పెట్టాడని అనుమానించక ఏం చేస్తాం? నాతో ఆ అబ్బాయి అన్నదీ అదే కదా, సంతకం పెడితే చాలని.

"మీకు ఫార్మకాలజీ తెలుసా?" అని అడుగుతారు. తెలియదు. ఐ.సి.ఎం.ఆర్. పంపే ఫార్మకాలజిస్టుకు తెలుసు, అందుకే ఆయన అక్కడ ఉండాలి. ఆ సూది పడ్డాక నెలసరి ఆగితే ఇంట్లో ఏ మాటలు పడాలో, నెలంతా రక్తం పోతుంటే కూలికి ఎలా వెళ్ళాలో ఆయనకు తెలియదు. అందుకే మనమూ ఉండాలి. సామాన్యుల ముందు మందుల సంగతి చర్చిస్తే కొంప మునుగుతుందనేవాళ్ళకు ఒక జవాబుంది. గర్భ నిర్ధారణ పేరుతో వాడిన హై డోస్ ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిరోన్ మందుల మీద 1980లలో సుప్రీంకోర్టు ఆదేశంతో డ్రగ్స్ కంట్రోలరే బహిరంగ విచారణలు జరిపారు. మహిళా సంఘాలు వెళ్ళి, అధ్యయనాలు ముందు పెట్టి మాట్లాడాయి. 1988లో నిషేధం వచ్చింది. కొంప మునగలేదు.

మన తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఎవరైనా ఒక పేరు అడిగితే మనం వెంటనే ఇంగ్లీషు వచ్చిన, నగరంలో ఉన్న, నాలాంటి మనిషినే పంపిస్తాం. ఇరవై ఏళ్ళుగా కాన్పులు చూసిన ఏ.ఎన్.ఎం. పేరు, ఆశా కార్యకర్త పేరు మనకు తోచదు. కాగితాలు తెలుగులో ఇవ్వమని అడిగే బదులు తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళను మనమే పక్కన పెట్టేస్తున్నాం. ఆడది అయితే చాలన్న వాదన కూడా నాకు సమ్మతం కాదు. కంపెనీ ఎంచిన ఆడమనిషి కంపెనీ మనిషే.

5వ సెక్షన్ సవరించాలి. రోగుల సంఘాలకు, మహిళా సంఘాలకు కనీసం రెండేసి స్థానాలివ్వాలి. ఆ పేర్లు మంత్రిగారి బల్ల మీద కాకుండా బహిరంగ ప్రకటన ఇచ్చి, సంఘాలే ఎన్నుకుని పంపేట్టు ఉండాలి, వైద్యులు తమవాళ్ళను ఎన్నుకుంటున్నట్టే. ప్రతి సభ్యుడూ ఏ కంపెనీ నుంచి ఏం పుచ్చుకున్నాడో అందరూ చూసే చోట పెట్టాలి. ఒప్పుకోని సభ్యురాలి మాట మినిట్స్‌లో ఆమె మాటల్లోనే రికార్డు కావాలి, కారణం చెప్పకుండా ఆమెను తీసేయకూడదు.

చట్టం మారేదాకా ఊరుకోం. మా జిల్లాలో ప్రయోగాలు జరుగుతున్న ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీల్లో 'మహిళ', 'సామాన్య వ్యక్తి' పేర కూర్చున్నదెవరు, వాళ్ళను ఎవరు ఎంచారు, గత మూడేళ్ళలో ఎంతమందిని మార్చారు అని అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు తయారు చేశాం. ప్రైవేటు ఆసుపత్రులను ఈ చట్టం కింద నేరుగా అడగలేం కాబట్టి, వాటిని రిజిస్టరు చేసే డ్రగ్స్ కంట్రోలర్ ఆఫీసుకు పంపుతున్నాం. నమూనా తెలుగులో ఉంది. కావలసినవాళ్ళు పత్రిక ఆఫీసుకు కార్డు ముక్క రాయండి, పంపిస్తాను.