వరాఛాలో ఒక సైకిలు యాత్ర

ఈ వారం లేఖ రాజధాని నుంచి కాదు, సూరత్ నగరంలోని వరాఛా నుంచి. పార్లమెంటు సమావేశాలు లేవు. బంధువుల పెళ్ళికి వచ్చిన నేను, యాభై దాటిన మోకాళ్ళతో, ఆదివారం తెల్లవారుజామున అద్దె సైకిలెక్కి, పేద క్యాన్సరు రోగుల సహాయార్థం జరిగిన యాత్రలో కలిశాను. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు.

అమ్మది శ్రీకాకుళం సముద్రతీరం. అక్కడి స్త్రీలు ఎందరో అడ్డపొగ త్రాగేవారు; చుట్టను వెలిగించి, నిప్పుకొనను నోటిలోనే ఉంచుకొని. ఆ అలవాటు అంగిటి క్యాన్సరుకు దారితీస్తుందని విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల క్రితమే వ్రాశారు. కూలికి పోయి నన్ను ఇంగ్లీషు బి.ఏ. చదివించిన అమ్మకు ఆ సంగతి చెప్పినవారు లేరు. చదువుకున్న కొడుకునైన నేనూ చెప్పలేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి రక్తపోటు చూచి వెళ్ళేవారు. నోరు తెరవమని ఎవరూ అడగలేదు. పుండు బయటపడేనాటికి చికిత్సకు మిగిలింది తక్కువ.

ఇటువంటి యాత్రలకు గొప్ప చరిత్రే ఉంది. అమెరికాలో బిల్లీ స్టార్ అనే యువకుని తల్లి 1974లో చర్మ క్యాన్సరుతో మరణించింది. 1980లో అతడు 36 మందితో మాసచూసెట్స్ రాష్ట్రం అడ్డంగా సైకిలు తొక్కి పదివేల డాలర్ల పైచిలుకు వసూలు చేశాడు. నేటికి ఆ యాత్ర బోస్టన్‌లోని క్యాన్సరు సంస్థకు సమకూర్చిన సొమ్ము వంద కోట్ల డాలర్లు దాటింది. దుఃఖానికి ఇంతకంటె మంచి ఉపయోగం నాకు తెలియదు. వరాఛా దాతలను కూడా నేను తక్కువ చేయను. సౌరాష్ట్ర నుంచి వలస వచ్చి వజ్రాలు సానబట్టే ఈ జనం చందాలివ్వడంలో వెనుదీయరు.

అయితే ఈ సొమ్మంతా కథ చివరి అధ్యాయానికే ఖర్చవుతున్నది. మొదటి అధ్యాయం సంగతి ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 సంవత్సరాల స్త్రీలలో నోటి క్యాన్సరు పరీక్ష ఎన్నడైనా చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు; 0.9 శాతం. పురుషులు 1.2 శాతం. ముప్పై దాటినవారందరికీ ఈ పరీక్ష జరపాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది! ఈ పరీక్షకు యంత్రాలు అక్కర లేదు. శిక్షణ పొందిన కార్యకర్త దీపం వేసి నోరు చూడాలి, అంతే. తిరువనంతపురంలో జరిగిన పరిశోధనలో, ఇలా చూడటం వల్ల పొగాకుగాని మద్యంగాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది.

2025 ఫిబ్రవరి బడ్జెటులో ఆర్థిక మంత్రి మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రులలో క్యాన్సరు డే కేర్ కేంద్రాలు పెడతామన్నారు. మంచిదే. కాని కేంద్రానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. దీపంతో నోరు చూచే కార్యకర్తకు శిలాఫలకం ఎక్కడిది? మన ఎం.పీ.లు వచ్చే సమావేశాలలో ఎన్ని కేంద్రాలు తెరిచారని కాక, ఏ జిల్లాలో ఎందరి నోళ్ళు చూచారని అడిగితే మంత్రిగారి వద్ద ఏ సమాధానం ఉంటుందో వినాలని ఉన్నది.

యాత్రలో నా ప్రక్కన తొక్కిన కుర్రవానికి పాతికేళ్ళుంటాయి. వజ్రాల కార్ఖానాలో పని. తండ్రి నోటి క్యాన్సరుతోనే పోయాడట. బయలుదేరే ముందు అతడు బుగ్గలోని మావా ఉమ్మివేశాడు. పోకచెక్క, సున్నం, పొగాకు కలిపి నలిపే ఆ మావాను యాత్ర ముగియగానే పాన్ దుకాణంలో మళ్ళీ కొన్నాడు. గుజరాత్‌లో గుట్కాను 2012లోనే నిషేధించారు. మావా మాత్రం కొనేవాని కళ్ళముందే కలిపి ఇస్తున్నారు.

"నీ నోరు ఎవరైనా చూచారా?" అని హిందీలో అడిగాను. లేదన్నాడు. నవ్వుతూ నాకే చూపబోయాడు. నోరు రెండు వేళ్ళ మేర కంటె తెరుచుకోలేదు. రేపే డాక్టరు వద్దకు వెళ్ళమన్నాను.

"రేపు సోమవారం, కాకా. కార్ఖానా ఉంది" అన్నాడు.