కటకటా, టకటకా?

మా ఇంట్లో పదమూడేళ్ళ మారుతి 800 ఒకటి వుంది. పదమూడేళ్ళ పిల్లంటే బడికి పోయే వయస్సు; పదమూడేళ్ళ కారంటే కాశీకి పోయే వయస్సు. పైగా ఆ వంశం 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో అంతరించింది. ఇహ దానికి చెల్లెళ్ళు పుట్టరు. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి గాని, దాని నాడి తెలిసిన చేతులే ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి.

నేను తెలుగు మేష్టర్ని. కారు శాస్త్రంలో నా పాండిత్యం తాళంచెవి తిప్పడంతో మొదలై పెట్రోలు పోయించడంతో సమాప్తమవుతుంది. తక్కినదంతా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవాడు నమ్మదగినవాడా కాదా అన్నది నాకు కిందటి వేసవిలో పెద్ద సమస్యయి కూచుంది.

మా అమ్మకి కళ్ళు చూపించడానికి బెజవాడ బయల్దేరాం. తిరువూరు నుంచి 70 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. మామిడికాయల రోజులు. నున్న మార్కెట్టుకి పోయే లారీల వెనకాల నత్తనడక నడుస్తూ ఎ.కొండూరు దాటామో లేదో, వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూచుంది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. రోడ్డు వార చెట్టు నీడ చూసి ఆపాను.

మన దేశంలో కారు ఆగితే చాలు, వైద్యులు నేలలోంచి మొలుస్తారు. నిమిషంలో నలుగురు మూగారు. "మూత తీసి చల్లటి నీళ్ళు కొట్టండి, అదే దిగుతుంది" అన్నాడొకాయన. నేను తుండుగుడ్డ చేతికి చుట్టుకొని మూత మీద చెయ్యి వెయ్యబోతున్నాను. వెనక సీట్లోంచి మా అమ్మ కేకేసింది: "ఏమిట్రా అది? కుక్కరు దించగానే మూత తీస్తామా?"

మా అమ్మ ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవలేదు. కాని రేడియేటరూ కుక్కరూ ఒక జాతివే. లోపల నీళ్ళు ఒత్తిడిలో వుంటాయి గనక వంద డిగ్రీలు దాటినా మరగకుండా అణిగి వుంటాయి. మూత తీశామా, ఒత్తిడి పోయి ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తుంది. వేడి ఇంజను మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే లోహం చిట్లే ప్రమాదం కూడా వుంది. ఆ సలహా ఇచ్చినాయన దుర్మార్గుడు కాడు. పాపం, సాయం చేద్దామనే వచ్చాడు. కాని నా మొహం కాలితే ఆయనకి పోయేదేమీ లేదు. అప్పటికే ఆయన బస్సు వచ్చేసింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

అరగంట ఆగి, ఎలాగో దగ్గర్లోని ఒక షెడ్డుకి చేరాం. ఊరూ పేరూ చెప్పను. అతను బానెట్టు ఎత్తి, ఒక్క చూపు చూసి, "గాస్కెట్టు పోయిందండీ. ఇంజను విప్పాలి. ఇరవై రెండు వేలవుతుంది" అన్నాడు. అబద్ధమనడానికి నాకు అధికారం లేదు. నిజమనుకోవడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలియనివాడు తెలిసినవాణ్ణి పరీక్షించడం ఎలా? డాక్టరు దగ్గరా, వకీలు దగ్గరా వచ్చే చిక్కే ఇది. ఎటొచ్చీ, రెండో డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళవచ్చు. కదలని కారుని రెండో మేస్త్రీ దగ్గరికి ఎలా తీసుకుపోవడం?

అప్పుడు గుర్తొచ్చాడు నా శిష్యుడు.

పదిహేనేళ్ళ కిందట ఇంటర్మీడియెట్లో నా క్లాసులో వెనక బెంచీ అతనిది. సంధి విడదియ్యమంటే పదం విరిచేవాడు. "నీకు మాట విలువ తెలీదురా" అని ఒకసారి నలుగురిలో అన్నాను కూడాను. ఇప్పుడు బెజవాడ ఆటోనగర్లో పనిచేస్తున్నాడు. లారీల బాడీలు కట్టడం దగ్గర్నుంచి చిన్న కార్ల రిపేరు దాకా చేతిపనికి పేరుపడ్డ పేట అది. ఏదో పెళ్ళిలో కనబడి నెంబరిచ్చాడు. మొహమాటపడుతూనే ఫోను చేశాను.

"ఒరే అబ్బాయ్, కారు ఉడికిపోతోందిరా."

"ఉడకడం అంటే ఏమిటి మేష్టారూ? నీళ్ళు మరిగాయా? పొంగి బయటికొచ్చాయా? బుడగలేమన్నా లేచాయా?"

నేను నిర్ఘాంతపోయాను. మరగడం, కాగడం, ఉడకడం, పొంగడం! పర్యాయపదాలని రాయించిన మేష్టర్ని నేనే. వాడికి మాత్రం అవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటీ ఒక్కొక్క జబ్బు. వంటింట్లో అన్నం ఉడుకుతుంది, నీళ్ళు మరుగుతాయి, పాలు పొంగుతాయి. ఒకదాని బదులు ఇంకొకటి అంటే మా ఆవిడ ఒప్పుకోదు. అంచేత ఫోను ఆవిడ చేతికిచ్చాను.

"ముల్లు ఎప్పుడు ఎక్కిందమ్మగారూ? బండి స్పీడుగా పోతున్నప్పుడా, నెమ్మదిగా పోతున్నప్పుడా?"

"లారీ వెనక పాకినప్పుడల్లా ఎక్కింది నాయనా. లారీని దాటి పోతుంటే కాస్త దిగింది. మీ మేష్టారు అది చూళ్ళేదు, లారీవాణ్ణి తిడుతున్నారు."

"వెనక పొగ గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తోందా?"

"లేదు."

"ఇంజనాయిలు పోసే మూత తీసి లోపలి పక్క ఫోటో తీసి పంపండి. రేడియేటరు మూత మాత్రం ముట్టుకోకండి."

పంపాం. గాస్కెట్టు పోతే నీళ్ళూ ఆయిలూ కలిసి, ఆ మూత లోపల పాలు ఎక్కువైన కాఫీలాంటి నురగ పట్టడం కద్దుట. మా మూత నల్లగా, శుభ్రంగా వుంది. బండి జోరుగా పోయేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్ని చల్లబరుస్తుంది; పాకేటప్పుడు ఆ పని ఫాను చెయ్యాలి. నెమ్మదిలోనే ముల్లు ఎక్కిందంటే ముందు ఫానుని అనుమానించాలన్నాడు.

ఆ తరవాత వాడన్న మాట నాకు బాగా నచ్చింది. "గాస్కెట్టు పోలేదని ఇక్కడ కూచుని నేను ప్రమాణం చెయ్యలేను మేష్టారూ. ఒక్కోసారి అది పోయినా నురగ కట్టదు. విప్పేముందు ఫాను స్విచ్చి చూడమనండి. దాని తొడుగు పీకి, రెండు కొసలూ చిన్న తీగముక్కతో కలిపితే ఫాను తిరగాలి. చేతులు దూరంగా పెట్టుకొమ్మనండి."

షెడ్డతను మొహం చిట్లించాడు గాని, కలిపాడు. ఫాను గిర్రున తిరిగింది. వేడెక్కినప్పుడు ఫానుకి కబురు చెప్పవలసిన స్విచ్చి చచ్చిపోయింది, అంతే. మూడువందల యాభై రూపాయలు, కూలీతో కలిపి ఆరువందలు. ఇరవై రెండు వేలు ఎక్కడ, ఇది ఎక్కడ! షెడ్డతను మోసగాడని మాత్రం నేను అనను. పొద్దుటినుంచీ గాస్కెట్లే విప్పుతున్నవాడికి ప్రతి ఆవిరీ గాస్కెట్టు ఆవిరిగానే కనిపించి వుండవచ్చు. అమ్మ కళ్ళ డాక్టరు ఆవేళ దొరకలేదనుకోండి, మర్నాడు వెళ్ళాం.

"రేపు వెళ్ళి వచ్చాక ముల్లు ఎక్కడుందో మళ్ళీ ఫోను చెయ్యండి" అన్నాడు శిష్యుడు. ఎందుకురా అంటే, "మీరు చెప్పకపోతే నేనన్నది రైటో తప్పో నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

ఇలాంటి మాటే ఆచారంగా పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు అమెరికాలో వుండేవారు: టామ్, రే మాగ్లియోజీలని. ఇద్దరూ ప్రసిద్ధికెక్కిన ఎం.ఐ.టి.లో చదివారు. 1970లలో బోస్టను పక్కన కేంబ్రిడ్జిలో, ఎవరి కారు వారే వచ్చి బాగుచేసుకొనే గ్యారేజీ ఒకటి పెట్టారు. 1977 నుంచి బోస్టను రేడియోలో, 1987 నుంచి దేశమంతటా, 2012 దాకా "కార్ టాక్" అనే కార్యక్రమం నడిపారు. ఎక్కడెక్కడివాళ్ళో ఫోను చేసి కారు గోడు వెళ్ళబోసుకొనేవారు. అన్నదమ్ములు పగలబడి నవ్వుతూనే, ఆ చప్పుడేదో నోటితో చేసి వినిపించమనేవారు. పెద్దపెద్ద ఉద్యోగాల్లో వున్నవాళ్ళు కూడా దేశమంతా వింటూండగా గరగరమని, కీచుమని అరిచేవారన్నమాట. అన్నిటికన్నా గొప్ప సంగతి, వాళ్ళు పాత శ్రోతల్ని వెతికి పిలిచి, "మేం చెప్పింది నిజమైందా, బోల్తా కొట్టిందా?" అని బహిరంగంగా అడిగేవారు. తప్పయితే ఊరంతా విని నవ్వేది. దూరాన కూచుని సలహా చెప్పేవాడికి ఇంతకన్నా పెద్ద పూచీకత్తు ఏముంది? అన్న టామ్ 2014లో పోయాడు.

మనకి మాత్రం ఇలాంటివారు లేరా? మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షిక నాలుగు దశాబ్దాలకి పైగా నిర్వహించారు. మొహం ఎరగని పాఠకులు ఇంటి గుట్టు ఉత్తరంలో రాసి పంపేవారు. చిరునామా మారని మనిషి, వారం వారం అదే పేరు కింద జవాబు చెప్పే మనిషి అన్న ధైర్యం అది. ఇవాళ సెల్‌ఫోను తెరమీద కారు విద్య నేర్పే వీడియోలు కొల్లలు. అందులో మంచివారూ వున్నారు, వాళ్ళ చేతిపని చూస్తుంటే ముచ్చటేస్తుంది. కాని అతను బాగుచేసేది అతని ముందున్న కారు. నా కారు ఎలా వుందని అతను నన్ను అడగడు, అడగలేడు.

ఇంకొక చిత్రం. కారు చప్పుడు ఫోనులో వినిపిస్తే సరిపోతుందిగదా అనుకున్నాను ఒకసారి. బానెట్టు దగ్గర ఫోను పట్టుకు నిలబడ్డాను. శిష్యుడు విని, "దీనికంటే మీ నోటితో చెయ్యండి, నయం" అన్నాడు. ఫోను మనిషి గొంతుకి తగ్గట్టు చేసిన యంత్రం. లోతైన దడదడలు దాంట్లోపడి నలిగిపోతాయిట. అంచేత మా వీధి అరుగు మీద నించుని, నలభై ఆరేళ్ళ వయస్సులో, బుర్రుబుర్రుమని ఫోనులో అరిచాను. ఎదురింటి పిల్లలు ఆట మానేసి చూశారు.

ఇదంతా విని, వాడు దేనికైనా ఫోనులోనే మందు చెబుతాడనుకొనేరు. శ్రావణమాసంలో మళ్ళీ అమ్మని బెజవాడ తీసుకువెళ్ళాలి. ముందునాడు చూస్తే బ్రేకు తొక్కి పట్టుకుంటే పాదం కింద మెల్లిగా దిగిపోతోంది. పొరుగాయన "కాస్త బ్రేకాయిలు పొయ్యండి, పోయిరండి" అన్నారు. నాకూ అది సులువుగా తోచింది. అయినా శిష్యుడికి ఫోను చేసి, ఏదైనా చిట్కా చెప్పరా అన్నాను.

"కారు కదపకండి."

"రేపొక్కరోజుకేరా. నెమ్మదిగా పోతాం."

వాడు మొట్టమొదటిసారి గొంతు పెంచాడు. "మేష్టారూ, ఇంజను చెడితే బండి ఆగుతుంది. బ్రేకు చెడితే బండి ఆగదు. దీనికి నా దగ్గర చిట్కా లేదు. తాళంచెవి అమ్మగారికిచ్చెయ్యండి. మన ఊరి మేస్త్రీని ఇంటికే పిలిపించి చక్రాలు విప్పించండి."

నాకు కోపమొచ్చింది. చేతకాక తప్పించుకుంటున్నాడనుకున్నాను. ఒకనాడు నలుగురిలో అన్న మాటకి ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నాడేమోనని కూడా ఒక పాడు ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. తాళంచెవి ఆవిడకిచ్చి, అమ్మని బస్సులో తీసుకువెళ్ళాను. ఆవిడ మోకాళ్ళ నొప్పితో ఆ మెట్లు ఎక్కుతుంటే శిష్యుణ్ణి మనసులో తిట్టుకున్నాను.

రెండు రోజుల తరవాత మా ఊరి మేస్త్రీ వచ్చి వెనక ఎడమ చక్రం విప్పాడు. లోపలంతా తడి. చక్రం దగ్గర బ్రేకుని నెట్టే చిన్న సిలిండరులోంచి ఆయిలు కారిపోతోంది. పైన ఎంత పోసినా కిందనుంచి పోయేదే. మేస్త్రీ ఏమీ అనలేదు. తడి వేళ్ళు నాకు చూపించి గుడ్డకి తుడుచుకున్నాడు. మా అమ్మ ఎప్పుడూ ఆ ఎడమ పక్కనే, వెనక సీట్లో కూచుంటుంది.

ఆ సాయంత్రం శిష్యుడికి ఫోను చేసి సంగతి చెప్పాను. నేను చెప్పానా అనలేదు. "మామ్మగారు బస్సులో ఇబ్బంది పడ్డారా?" అని అడిగాడు.

నిన్నట్నుంచి కారులో కొత్త చప్పుడొకటి మొదలైంది. పొద్దున్న ఫోను చేశాను.

"కటకటా, టకటకా మేష్టారూ?"

"కటకటా అంటే మన ప్రబంధాల్లో ఏడుపురా అబ్బాయ్. నీకు చెప్పాను, నువ్వు వినలేదు."

"ఏడుపో నవ్వో, చక్రం తిప్పినప్పుడు వస్తోందా, తిన్నగా పోయేటప్పుడు వస్తోందా? ఎడమకి తిప్పితేనా, కుడికి తిప్పితేనా? చూసి రాత్రి ఎనిమిదింటికి చెప్పండి."

ఇది రాస్తూండగా మా ఆవిడ ఖాళీగా వున్న స్కూలు మైదానంలో కారుని గుండ్రంగా తిప్పుతోంది. ఎడమకి నాలుగు చుట్లు అయ్యాయి, ఏమీ లేదు. ఇప్పుడు కుడికి తిప్పుతోంది. ఒక్క క్షణం ఆగండి, కాగితం పక్కన పెట్టి వినాలి.